పెట్టెలో గాలికి కడుతున్న డబ్బు

2021 నవంబరులో నేను మొదటిసారి ఆన్‌లైన్లో అమ్మిన ఒక అంబారీ ఏనుగును నిజామాబాదుకు పంపాను. కొండపల్లి బొమ్మ. వంటింటి కాటా మీద పెడితే బొమ్మ 310 గ్రాములు తూగింది. పెట్టె, కాగితాలు, టేపు అన్నీ కలిపి 640. అరకిలో దాటింది కాబట్టి కిలో లెక్క కడతారు, తొంభయ్యో వందో అవుతుందనుకున్నాను. వారం తర్వాత కొరియర్ వాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది. మీ పార్సిల్ బరువు 5.5 కిలోలు, తేడా మీ ఖాతాలోంచి తీసుకున్నాం అని. నాలుగొందల పైచిలుకు పోయింది. బొమ్మ అమ్మిందే 650 రూపాయలకి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో మోసం చేశారనే అనుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేసి గట్టిగా వాదించాను. అవతలి అమ్మాయి అంతా విని, "మేడమ్, పెట్టె కొలతలు ఒకసారి చెప్పండి" అంది. పక్క కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చిన బిస్కెట్ల పెట్టె అది. అలాంటిదే ఇంకోటి ఇంట్లో ఉంటే టేపు తెచ్చి కొలిచాను. పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30. మూడూ గుణిస్తే 27,000. దాన్ని 5000తో భాగిస్తే 5.4. అరకిలో చొప్పున మెట్లు కాబట్టి 5.5. లెక్క సరిగ్గానే ఉంది. నేను నిజామాబాదుకు పంపింది మూడొందల గ్రాముల ఏనుగునీ, దాని చుట్టూ ఐదు కిలోల గాలినీ.

దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. కొన్ని సంస్థలు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు బరువు ఇంకా పెరుగుతుంది. కాటా బరువు, ఈ లెక్క బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. ఇందులో అన్యాయం ఉందని నేను అనను. లారీలోనైనా విమానంలోనైనా చోటుకి ఖరీదు ఉంటుంది. దూదిబస్తా తేలికే, అయినా బండి నిండిపోతుంది. కానీ కొత్తగా అమ్మడం మొదలుపెట్టినవాళ్ళకి ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు. అందరూ కాటా కొనుక్కోమంటారు. నన్నడిగితే ముందు కొనాల్సింది కొలతల టేపు.

నాలుగేళ్ళు దాటింది ఈ పని చేస్తూ. తక్కువ ఖర్చులో పంపడం గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు, ఏ కొరియర్ చవక అని. ఆ ప్రశ్న మీద నాకు ఇప్పుడు నమ్మకం లేదు. కొరియర్ మారిస్తే పార్సిల్‌కి ఐదో పదో మిగులుతుంది. పెట్టె మారిస్తే సగానికి సగం మిగులుతుంది. పెట్టెలోంచి గాలి తియ్యకుండా ఖర్చు తగ్గించుకోవాలని చూస్తే, ఆ తగ్గేది చివరికి ఆ వస్తువు చేసిన మనిషి కూలిలోంచే తగ్గుతుంది. ఇది నేను చేసి, చూసి, సిగ్గుపడి చెబుతున్న మాట. అది ఎలా జరిగిందో తర్వాత చెబుతాను.

మా బొమ్మలకి ఈ లెక్క ఎందుకింత గట్టిగా తగులుతుందో ముందు చెప్పాలి. కొండపల్లి బొమ్మని తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే కర్రలా ఉండదు, బెండులా ఉంటుంది. మెత్తగా ఉలికి లొంగుతుంది కాబట్టే ఆ కర్రని ఎంచుకున్నారు. తలా, చేతులూ, కాళ్ళూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్ని మక్కు అంటారు. ఆరిన తర్వాత సున్నం పూసి, పైన రంగులు వేస్తారు. అంటే బరువు లేదు, చోటు మాత్రం చాలా కావాలి. అదీగాక బలహీనత అంతా అతుకుల్లోనే. మెడ, మణికట్టు, ఏనుగు తొండం, తాటిచెట్టు కమ్మలు. పచ్చళ్ళు పంపేవాళ్ళ కష్టం దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్ళకి బరువే బరువు. అందుకే వాళ్ళు గాజు సీసా మానేసి సీలు వేసిన కవర్లలోకి మారారు. కాబట్టి ప్యాకింగ్ గురించి అందరికీ ఒకటే సలహా చెప్పేవాళ్ళని నమ్మకండి. మీ వస్తువు బరువు వల్ల ఖర్చవుతోందా, చోటు వల్ల ఖర్చవుతోందా అన్నది తేల్చుకోవడం మొదటి పని.

చోటు వల్ల అయితే ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. 2500. పెట్టె బయటి కొలతల గుణకారం 2500 దాటకపోతే అరకిలో. 5000 దాటకపోతే కిలో. నేను బొమ్మని చూసినా, పుస్తకాన్ని చూసినా, ఆఖరికి ఎవరింట్లోనైనా స్వీట్ల డబ్బా చూసినా మనసులో ఈ గుణకారమే చేస్తాను.

విజయవాడ వన్‌టౌన్‌లో అట్టపెట్టెలు చేసే ఆయన దగ్గరికి వెళ్ళి, ఐదంగుళాల బొమ్మ పట్టేలా ఒక పెట్టె కావాలని అడిగాను. ఆయన అంగుళాల్లో మాట్లాడతారు. "ఏడు బై ఐదు బై నాలుగు తీసుకోండి మేడమ్, సరిపోద్ది" అన్నారు. ఫోన్‌లో లెక్క వేసుకున్నాను. సెంటీమీటర్లలోకి మారిస్తే 17.8, 12.7, 10.2. గుణిస్తే 2306. అరకిలోకి ఇంకా చోటు మిగిలే ఉంది. సంతోషంగా రెండొందల పెట్టెలు చేయించాను. మొదటి పది పార్సిళ్ళలో ఆరింటికి కిలో వేశారు.

ఈసారి ఫోన్ చేసి గొడవపడలేదు. పెట్టె మూసి, టేపు అంటించి, బయటి నుంచి కొలిచాను. పెట్టెలు చేసేవాళ్ళు చెప్పేది లోపలి కొలత. కొరియర్ వాళ్ళు కొలిచేది బయటి కొలత. మూడు పొరల అట్ట ఒక్కో వైపు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పక్కలకి రెండు వైపులా కలిపి ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైనా కిందా మూతలు రెండేసి పొరలుగా మడతపడతాయి కాబట్టి ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. బయట 18.4, 13.3, 11.4. గుణిస్తే 2790.

మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. ఎత్తు నాలుగంగుళాల నుంచి మూడున్నరకి తగ్గించమన్నాను. "అర అంగుళానికి ఏం తేడా వస్తది మేడమ్?" అన్నారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఎత్తు బయట 10.1 అవుతుంది. 18.4, 13.3, 10.1 గుణిస్తే 2472. అరకిలో లోపలే. ఆయన కాసేపు ఆ కాగితం వంకే చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు పెట్టె కోసం వెళితే "కొరియర్‌కా, బయటి కొలత చెప్పండి" అని ఆయనే అడుగుతున్నారట. వింటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ పెట్టెలో ఇంకో చిక్కుంది. 2472కీ 2500కీ మధ్య మిగిలింది చాలా తక్కువ. లోపల కాగితం కూరి కూరి పెడితే పైమూత ఉబ్బుతుంది. రెండు మిల్లీమీటర్లు ఉబ్బితే చాలు, 2500 దాటిపోతుంది. పెద్ద గోడౌన్లలో మనుషులు కొలవరు, బెల్టు మీద పోతుండగా యంత్రం కొలుస్తుంది. దానికి ఉబ్బు కూడా పెట్టెలో భాగమే. అందుకే మూసిన తర్వాత మూత మీద స్కేలు నిలబెట్టి చూస్తాను. స్కేలు ఊగితే మళ్ళీ విప్పుతాను. తర్వాత పెట్టె పక్కన కొలతల టేపు పెట్టి మూడు ఫోటోలు, కాటా మీద పెట్టి ఒక ఫోటో తీస్తాను. బరువు మీద పేచీ వచ్చినప్పుడు మన మాట ఎవరూ వినరు, ఫోటో మాత్రం వింటారు. ఇప్పటివరకు ఫోటోలు పంపిన పేచీల్లో ఎక్కువ భాగం నాకు అనుకూలంగానే తేలాయి.

గాలి తియ్యమంటే బొమ్మని పెట్టె గోడకి ఆనించమని కాదు. నా మొదటి ఏడాది నష్టాల్లో సగం అలా వచ్చినవే. ఏం వాడాలో ఒక్కొక్కటీ దెబ్బతిని నేర్చుకున్నాను. న్యూస్‌పేపరు చవక, కానీ సిరా అంటుకుంటుంది. లేతపసుపు రంగు పంచె కట్టిన బొమ్మ వీపు మీద అచ్చుగుద్దినట్టు నల్లటి మరక తేలింది. బబుల్ షీట్‌ని నేరుగా రంగు మీద చుడితే ఏప్రిల్ ఎండలకి బుడగల గుర్తులు గుండ్రంగా రంగులో దిగిపోతాయి. గుంటూరు వెళ్ళొచ్చిన ఒక బొమ్మ ఒళ్ళంతా చికెన్‌పాక్స్ వచ్చినట్టు తిరిగొచ్చింది. ఇప్పుడు ముందు పల్చటి తెల్లకాగితం ఒక చుట్టు, దానిమీద బబుల్ షీట్ ఒక్క చుట్టు. పాత అట్టల్ని సన్నటి పేలికలుగా కోసి ఖాళీల్లో పెడతాను. మా వీధి టైలరు ఇచ్చే కాటన్ ముక్కలు కూడా బాగా పనికొస్తాయి. మెడ కిందా, తొండం కిందా ఒక గుడ్డముక్క మడిచి పెడితే అతుకు మీద భారం పడదు.

మా అత్తయ్య వరిగడ్డి పెట్టమంటుంది. ఆమె చెప్పేదీ నిజమే. నూజివీడు మామిడిపండ్లు గడ్డిలోనే ప్రయాణం చేశాయి, ఊరగాయ జాడీలు గడ్డిలోనే వచ్చేవి. గడ్డి కుదురుకుంటుంది, దెబ్బ మింగుతుంది, ఊరికే దొరుకుతుంది. కానీ సరిగ్గా ఆరని గడ్డితో పెట్టెలోకి చెమ్మ వస్తుంది, పురుగు వస్తుంది. విదేశాలకైతే ముట్టుకోనే కూడదు. చాలా దేశాలు గడ్డి ప్యాకింగ్‌ని రానివ్వవు, ఆస్ట్రేలియా లాంటి చోట్ల పార్సిలే ఆగిపోతుంది.

'ఫ్రాజైల్' అని ఎర్ర స్టిక్కరు అంటించి దేవుడి మీద భారం వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేనూ అంటించేదాన్ని. పార్సిల్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరేలోపు కనీసం అరడజను చేతులు మారుతుంది. సంచిలో పడుతుంది, బెల్టు మీంచి జారుతుంది, దాని మీద ఇంకో పదిహేను పెట్టెలు కూర్చుంటాయి. వేలాది పెట్టెల మధ్య స్టిక్కరు చదివే తీరిక అక్కడ పని చేసేవాళ్ళకి ఉండదు. వాళ్ళని తప్పుపట్టలేం. పెట్టె పడుతుందనే అనుకుని కట్టాలి. ఇస్టా అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన పరీక్ష ఒకటుంది. చిన్న పార్సిల్‌ని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు. ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. మా డైనింగ్ టేబుల్ ఎత్తు దాదాపు అంతే. కొత్త రకం బొమ్మ వచ్చినప్పుడల్లా ఒకదాన్ని ప్యాక్ చేసి, టేబుల్ మీంచి పదిసార్లు పడేస్తాను. మొదటిసారి చూసి మా అత్తయ్య గుండె పట్టుకుంది. కానీ ఆ పరీక్షలో పోయిన ఒక బొమ్మ దారిలో పోబోయే ఇరవై బొమ్మల్ని కాపాడుతుంది.

పెట్టెలు ఎక్కువ కొంటే చవక అని అందరూ చెప్పే మాటే నేనూ పాటించాను. 2024 ఆగస్టులో వెయ్యి పెట్టెలు తెచ్చి కింది గదిలో పేర్చాను. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. మాది సింగ్‌నగర్ వైపు. నీళ్ళు దిగాక గది తలుపు తీస్తే పెట్టెలన్నీ కలిసి ఒకే ముద్ద. మా చుట్టుపక్కల వాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు నా పెట్టెలు లెక్కలోకి రావు, అది వేరే సంగతి. కానీ వరద లేకపోయినా అట్టపెట్టె చెమ్మని పీల్చుకుని మెత్తబడుతూనే ఉంటుంది. వానాకాలంలో రెండు నెలలు నిలవున్న పెట్టె చేత్తో నొక్కితే లోపలికి పోతుంది. ఇప్పుడు రెండొందలకి మించి తేను. ఒక్కో పెట్టెకి రూపాయిన్నర ఎక్కువ పడుతుంది, పడనీ.

ఇక ఎవరితో పంపాలన్నది. దీని గురించి ఎక్కువ చెప్పను. మన రాష్ట్రంలో టౌన్లకీ, హైదరాబాదుకీ ఆర్టీసీ కార్గో నాకు బాగా కుదిరింది. రాత్రి విజయవాడ బస్టాండులో ఇస్తే పొద్దున్నకి చేరిపోతుంది. చాలాచోట్ల కొన్నవాళ్ళే వచ్చి తీసుకోవాలి, అది వాళ్ళకి ముందే చెప్పాలి. పల్లెటూళ్ళకి పోస్టాఫీసు తర్వాతే ఎవరైనా. దేశంలో లక్షా అరవై వేలకి పైగా పోస్టాఫీసులుంటే వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. మిగతావాళ్ళు ఆ పిన్‌కోడుకి మా సర్వీసు లేదనే చోటికి కూడా పోస్ట్‌మ్యాన్ సైకిలేసుకుని వెళతాడు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు రేట్లు కూడా మారాయి. పాత రేట్లు గుర్తుపెట్టుకుని షిప్పింగ్ చార్జీ చెప్పేవాళ్ళు ఒకసారి సరిచూసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ నేను మానేశాను. ఇంట్లో లేమనో, వద్దనో వెనక్కి పంపితే రానూపోనూ చార్జీ మనమే కట్టాలి. బొమ్మకైతే రెండు ప్రయాణాల దెబ్బ.

ఇప్పుడు ముందు చెబుతానన్న విషయం.

2022లో నేనూ 'ఫ్రీ షిప్పింగ్' అని పెట్టాను. అందరూ పెడుతున్నారు, పెట్టకపోతే ఆర్డర్లు రావని టెన్షన్. దశావతారాల సెట్టుకి ప్రయాణ ఖర్చు నాకు బాగానే పడేది. దాన్ని ధరలో కలిపితే పక్కవాళ్ళ కంటే ఎక్కువ కనిపిస్తుంది. కలపకపోతే నాకేం మిగలదు. రెండు నెలలు తన్నుకులాడి, ఒకరోజు కొండపల్లి వెళ్ళాను. నాకు బొమ్మలిచ్చే ఆయన్ని బాబాయ్ అంటాను. అరుగు మీద కూర్చుని కూర్మావతారానికి సున్నం పూస్తున్నాడు. "సెట్టు మీద యాభై తగ్గించు బాబాయ్, కొరియర్ ఖర్చులు తట్టుకోలేకపోతున్నా" అన్నాను. ఆయన కుంచె ఆపలేదు. "సర్లేమ్మా, నువ్వూ బతకాలిగా" అన్నాడు. అంతే. బేరం కూడా ఆడలేదు.

మూడు వారాల తర్వాత కొత్త సెట్లు వచ్చాయి. ముందు నుంచి చూస్తే ఏ తేడా లేదు. ప్యాక్ చేస్తూ రాముడి బొమ్మని తిప్పాను. వీపు మీద ఉత్తరీయానికి పసుపు అంచు ఉండేది, సన్నటి గీత, దాని మీద ఎర్ర చుక్కలు. అది లేదు. బలరాముణ్ణి తిప్పాను. లేదు. పదింటినీ తిప్పి బల్ల మీద వరసగా పెట్టాను. పది వీపులూ ఒకే రంగు, బోసిగా. నేను తగ్గించమన్న యాభై రూపాయలు అక్కడ నుంచి వచ్చాయి. ఆయన నన్ను మోసం చెయ్యలేదు. యాభై రూపాయల పని తగ్గించాడు, అంతే. తగ్గించక ఏం చేస్తాడు? కర్ర ధర తగ్గదు, రంగుల ధర తగ్గదు. తగ్గించుకోగలిగింది తన చేతి పని ఒక్కటే.

ఆ డబ్బు నేనేం చేశాను? అప్పటికి ఆ సెట్టుని 40, 30, 15 సెంటీమీటర్ల పెట్టెలో పంపుతున్నాను. గుణిస్తే 18,000, అంటే 3.6, అంటే నాలుగు కిలోలు. పది బొమ్మలూ కలిపి తూగేది కిలో కూడా ఉండదు. ఆయన వేలి కొసల్లోంచి తీసుకున్న గీతని తీసుకెళ్ళి మూడు కిలోల గాలికి కట్టాను. ఆయన్ని ఏమీ అడగలేదు. అడగడానికి నోరు రాలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు పాత ధర ఇచ్చి, "వీపులు బాగోలేదు బాబాయ్, మునుపటిలా వెయ్యి" అని మాత్రం అన్నాను. నవ్వాడు.

ఆ నెలే బొమ్మల్ని తలా కాళ్ళూ ఎదురెదురుగా పడుకోబెట్టి, మధ్యలో అట్ట గళ్ళు కోసి, సెట్టు మొత్తాన్ని రెండు కిలోల్లోకి తెచ్చాను. ఫ్రీ షిప్పింగ్ తీసేశాను. బొమ్మ ధర వేరే, పంపే ఖర్చు వేరే చూపిస్తున్నాను. మూడు దూరాలు, మూడు రేట్లు. నాకు పడేదే, పైసా ఎక్కువ లేదు. మొదటి రెండు నెలలు ఆర్డర్లు బాగా తగ్గాయి. "షిప్పింగ్ ఎనభయ్యా?" అని మెసేజ్ పెట్టి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. అడిగినవాళ్ళకి బొమ్మ ప్యాక్ అవుతున్న ఫోటో పంపాను. పెట్టె ఎంత, టేపు ఎంత, కొరియర్‌కి ఎంత అని రాసి పంపాను. అలా రాసి పంపిన వాళ్ళలో చాలామంది కొన్నారు. కొన్నవాళ్ళలో కొందరు ఇంకో ముగ్గురికి చెప్పారు. ఏడాది తిరిగేసరికి పాత సంఖ్యకి చేరాను.

మంగళగిరి చీరలు అమ్మే నా స్నేహితురాలు ఇది ఒప్పుకోదు. ఫ్రీ షిప్పింగ్ లేకుండా చీర అమ్మలేనంటుంది. ఆమెకి అది కుదురుతుంది, నేను కాదనను. చీర మడిస్తే పలచటి కవర్లో పడుతుంది, పగలదు, ప్రతి చీరా ఇంచుమించు ఒకే బరువు. ఎక్కడికి పంపినా ఖర్చులో పెద్ద తేడా రాదు కాబట్టి ధరలో కలిపేసుకోవచ్చు, ఎవరికీ అన్యాయం జరగదు. కానీ ఒకే బొమ్మ తెనాలికి వెళితే ఒక ఖర్చు, గౌహతికి వెళితే ఇంకో ఖర్చు. ధరలో సగటున కలిపితే గౌహతి ఖర్చు తెనాలి వాళ్ళు కడతారు. ఎవరి నెత్తినా వెయ్యకపోతే బాబాయ్ నెత్తిన పడుతుంది. ఫ్రీ అని రాసినప్పుడల్లా దాన్ని కడుతున్నది ఎవరో అమ్మేవాళ్ళకి తెలిసి ఉండాలి. తెలిసీ పర్వాలేదనుకుంటే సరే. నేను అనుకోలేకపోయాను.

విదేశాల సంగతి వచ్చేసరికి మన చేతుల్లో లేనివి చాలా ఉంటాయి. 2025లో డాలస్ నుంచి ఒకావిడ దసరా కొలువుకని ఇరవై నాలుగు బొమ్మలు ఆర్డరిచ్చారు. పెళ్ళి సెట్టు, ఎడ్లబండి, పల్లెటూరి సెట్టు. పోస్టులో పంపుదామని అన్నీ కట్టి ఉంచాను. ఎనిమిది వందల డాలర్ల లోపు సరుక్కి సుంకం లేకుండా వెళ్ళే వెసులుబాటుని అమెరికా ఆగస్టు 29 నుంచి తీసేసింది. దానికి నాలుగు రోజుల ముందే, ఆగస్టు 25 నుంచి, మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. నవరాత్రులు సెప్టెంబరు 22న మొదలయ్యాయి. పెట్టెలు మా హాల్లోనే ఉన్నాయి. డబ్బు వెనక్కి పంపుతానని ఫోన్ చేస్తే ఆవిడ, "పోనీలెండి, మా అత్తగారి వైపు సంక్రాంతికే కొలువు పెడతారు, అప్పటికి పంపండి" అన్నారు. అక్టోబరు 15న పోస్టు మళ్ళీ తెరిచారు, సుంకం ఇక్కడే ముందుగా కట్టే పద్ధతిలో. ఆ సుంకం మొత్తం చెప్పినప్పుడు ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత పల్లెటూరి సెట్టు తీసేసి మిగతావి పంపమన్నారు. ఆ కత్తిరింపు నా చేతుల్లో లేదు. నేను చెయ్యగలిగిందల్లా రెండు పెట్టెల్ని ఒకటి చెయ్యడం. సైనికుల్లా నిలబెట్టిన బొమ్మల్ని పడుకోబెట్టి, ఎడ్లని బండి కింద పెట్టి, ఆవిడ మీద ఒక పెట్టె ఖర్చు తగ్గించాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది తాటిచెట్టు. గీత కార్మికుడు నడుముకి మోకు కట్టుకుని చెట్టెక్కుతున్న బొమ్మ. అందరికీ ఇష్టం. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, పైన పదమూడు సెంటీమీటర్ల వెడల్పున పరుచుకున్న కమ్మలు. ఒక్కో కమ్మ కొస గోరంత పల్చన. చుట్టూ మూడేసి సెంటీమీటర్లు మెత్త పెడితే గానీ బతకదు. పెట్టె 36, 20, 20. గుణిస్తే 14,400, అంటే మూడు కిలోల చార్జీ. రెండొందల గ్రాముల చెట్టుకి. అంత పెట్టినా నాలుగింట ఒకటి కమ్మ విరిగే చేరేది. ఒక దశలో ఆ బొమ్మని ఆన్‌లైన్లో తీసేశాను.

పోయిన వేసవిలో బాబాయ్‌తో ఆ మాటే చెబుతుంటే, "తల ఊడదీస్తే?" అన్నాడు. చెట్టు మాను పైన ఒక బెజ్జం, కమ్మల గుత్తి కింద ఒక చీల. తీసుకున్నవాళ్ళు ఇంటికెళ్ళాక గుచ్చుకుంటారు. నేను ఆ ఆలోచన చెయ్యలేదు, ఆయన చేశాడు. రెండుసార్లు చీల వదులైంది, ఒకసారి బెజ్జం చీలింది. నాలుగోదానికి కుదిరింది. కమ్మల గుత్తి పట్టేలా అట్టలో గుండ్రటి కంత కోసి, చీలని దానికింద ఇంకో అట్టలో గుచ్చాను. కమ్మలు ఏ గోడకీ తగలకుండా గాల్లో నిలబడ్డాయి. పక్కనే మాను పడుకుంది, మోకు కట్టుకున్న మనిషితో సహా. పెట్టె బయటి కొలత 25, 22, 9. గుణిస్తే 4950. కిలో లోపు. డైనింగ్ టేబుల్ మీంచి పదిసార్లు పడేశాను. విప్పితే ఒక్క కమ్మ కూడా విరగలేదు. చీలా బెజ్జం పని అదనం కాబట్టి చెట్టుకి నలభై రూపాయలు ఎక్కువిస్తున్నాను. నాకు ప్రయాణంలో మిగిలేది అంతకంటే చాలా ఎక్కువ.

మొదటి చెట్టు ఖమ్మం వెళ్ళింది. పది రోజుల తర్వాత అది కొన్నావిడ ఫోన్ చేశారు. వాళ్ళ పాప రోజంతా చెట్టు తల ఊడదియ్యడం, పెట్టడం ఆటగా పెట్టుకుందట, చీల వదులైంది, ఏం చెయ్యాలి అని. బాబాయ్‌ని అడిగితే చింతగింజల పొడి కాసిన్ని నీళ్ళలో ఉడికించి, చీలకి పూసి, ఒక పూట ఆరనివ్వమన్నాడు. అప్పటి నుంచి ప్రతి చెట్టుతో పాటు ఒక చిన్న పొట్లం చింతగింజల పొడి పెడుతున్నాను, ఎలా వాడాలో ఒక చీటీ మీద రాసి. పొట్లం బరువు ఐదు గ్రాములు. మాను పక్కన ఖాళీలో సరిపోతుంది.